కళాశాలా ప్రవేశమునకు రైతు గృహస్థు ముందుగా చేయవలసిన పనులు

ఈ పత్రికయందు మేము సాధారణముగా విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, పైరుల తెగుళ్లను గూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసమున సంఘ సభ్యుల బిడ్డల కాలేజీ చదువును గూర్చి వ్రాయ దలచితిమి. ఇది కృషీవలుల పత్రికకు తగిన విషయమా యని కొందరడుగవచ్చును. తగినదే యని మా యభిప్రాయము. ఏలయనగా నేటి రైతు కుటుంబములలో బిడ్డ చదువునకగు వ్యయము పంట వ్యయమునకు తీసిపోవుట లేదు. ఆ వ్యయము కొఱకు భూములు తాకట్టు పడుచున్నవి. కొన్నియెడల అమ్ముడు పోవుచున్నవి. ఎకరము భూమి పోవుటకు కారణమగు పనిని ఎకరము భూమిని సాగుచేయునంత శ్రద్ధతో చేయవలయును గదా!

కార్తె తప్పిన నాటు ఫలింపదని రైతునకు ఒకరు చెప్పనక్కఱ లేదు. కాలేజీ దరఖాస్తులకును కార్తెలు గలవు. బాన్సువాడ ప్రాంతమున గల చిక్కు ఏమనగా, ఆ కార్తెలు మన పని రోజులలోనే వచ్చును. ప్రవేశ పరీక్షల దరఖాస్తులు ఫిబ్రవరి, మార్చి మాసములందు, అనగా నిజాంసాగరు కాలువ క్రింద యాసంగి వరికి నీటి తడులు జాగ్రత్తగా చూచుకొను దినములందు జరుగును. పరీక్షలును, డిగ్రీ కాలేజీల నమోదును ఏప్రిల్, మే మాసములందు, అనగా కోతలై కొనుగోలు కేంద్రముల యొద్ద ధాన్యపు కుప్పలకు కావలి యుండు దినములందు వచ్చును. సీట్ల కేటాయింపు మృగశిర కార్తె మొదలు వానకాలపు నార్లు పోయునప్పుడు సాగును. తండ్రి కుప్పయొద్ద నుండును. తల్లి కూలివారితో నుండును. బిడ్డ యొంటరిగా పట్టణమునకు పోయి, తెలిసినంత మట్టుకు ఫారము నింపి వచ్చును. మంచి మార్కులు గల బిడ్డలు సీట్లు పోగొట్టుకొనుటకు బుద్ధి తక్కువగుట కారణము కాదు. తేదీ తప్పుట యొకటి, కాగితము లేకుండుట యొకటి, ఈ రెండే ముఖ్య కారణములు. ఈ రెండును ముందుగా నివారింప దగినవి.

దగ్గరలోనున్న విద్యాలయములు

పూర్వము ఈ ప్రాంతపు పిల్లవాడు పెద్ద చదువు చదువవలెనన్న హైదరాబాదు పోవలసినదే. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమే దిక్కు. నేటి స్థితి వేఱు. బాన్సువాడలోనే ప్రభుత్వ జూనియర్ కాలేజీయు, ప్రభుత్వ డిగ్రీ కాలేజీయు, ప్రభుత్వ నర్సింగ్ కాలేజీయు గలవు. డిచ్‌పల్లిలో 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయము ఏర్పడినది. రుద్రూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి చెఱకు, వరి పరిశోధన కేంద్రముతోపాటు ఆహార సాంకేతిక విద్యా కళాశాల గలదు. కామారెడ్డిలో పశువైద్య విశ్వవిద్యాలయమువారి డెయిరీ టెక్నాలజీ కాలేజీ గలదు. గోదావరి యొడ్డున బాసరలో 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము గలదు. వ్యవసాయ పట్టపు చదువునకు రాజేంద్రనగరు, జగిత్యాల మున్నగు చోట్ల కాలేజీలు గలవు. నిజామాబాదునందును, 2023 నుండి కామారెడ్డియందును ప్రభుత్వ వైద్య కళాశాలలు నడచుచున్నవి.

వీనిని పేరుపేరున వ్రాయుటకు కారణము గలదు. పెద్ద పట్టణపు ప్రైవేటు కాలేజీ ప్రకటనలు మన గ్రామముల గోడలన్నింటిమీద నున్నవి. దగ్గరలోని ప్రభుత్వ విద్యాలయములు మాత్రము ఎవరును ప్రకటింపనందున తెలియకున్నవి. ముందు దగ్గరదానిని పోయి చూచి, పిదప దూరపు దానిని విచారించుట మేలు.

పదవ తరగతి నాడే కనబడు దారులు

కాలేజీ యోచన ఇంటర్ పూర్తియైన పిదప చేయుదమనుట సరిగాదు. ఏ దారి యే గుమ్మమునకు పోవునో పదవ తరగతిలోనే తెలిసికొనవలయును. బి.యస్సీ. వ్యవసాయమునకు గాని, పశువైద్యమునకు గాని, యం.బి.బి.యస్.కు గాని పోవలెనన్న ఇంటర్‌లో బై.పి.సి. చదివి యుండవలయును. ఇంజనీరింగుకు యం.పి.సి. వలయును. బిడ్డ వ్యవసాయము చదువ గోరుచుండగా, స్నేహితులతో కూడ సి.ఇ.సి.లో చేరిన యెడల ఆ తలుపు అప్పుడే మూసికొనిపోవును.

ఇంటర్‌కు పోకయు దారులు గలవు. పాలిసెట్ వ్రాసి పాలిటెక్నిక్ డిప్లమాలో చేరవచ్చును. వ్యవసాయ డిప్లమాకును ఆ పరీక్షయే గుమ్మము. ఆ డిప్లమా ముగించినవారు అగ్రిసెట్ వ్రాసి బి.యస్సీ. వ్యవసాయమునకు పోవచ్చును. బాసరలో పదవ తరగతి ఫలితమును బట్టియే ఆఱేండ్ల ఇంజనీరింగు విద్యకు చేర్చుకొందురు; ప్రత్యేక ప్రవేశ పరీక్ష లేదు. ప్రభుత్వ పాఠశాలలలో చదివిన పిల్లలకు అచ్చట కొంత అదనపు గణన యిచ్చు పద్ధతియు గలదు. కావున గ్రామ పాఠశాలలో చదివినందున బిడ్డకు లోటు కలిగెనని చింతించు తలిదండ్రులు ఆ చదువే యొక యోగ్యతగా లెక్కింపబడు చోట్లు గలవని తెలిసికొందురు గాక.

ఇంటర్ పిదప దారులు మూడు విధములు. వృత్తి విద్యలకు ఎప్‌సెట్ పరీక్ష. 2024కు పూర్వము దీనినే ఎంసెట్ అనుచుండిరి. వైద్యమునకు నీట్ పరీక్ష. సాధారణ డిగ్రీలకు ప్రవేశ పరీక్ష లేదు. 2016 నుండి నడచుచున్న దోస్త్ అను ఆన్‌లైన్ పద్ధతిలో ఇంటర్ మార్కులను బట్టి సీట్లిత్తురు. ఒక దారినే నమ్ముకొని కూర్చుండరాదు. ఎప్‌సెట్ ర్యాంకు కొఱకు ఎదురుచూచుచున్న విద్యార్థియు దోస్త్‌లో నమోదు చేసికొని యుండవలయును. వాన రానియెడల ఆరుతడి పైరు వేయుటకు విత్తనము దాచుకొనుట వంటిదే యిది.

స్థానికత యను గట్టు

ఇంటర్ కాలేజీ నెన్నుకొనునప్పుడు అనేకులు గుర్తింపని విషయ మొకటి గలదు. రాష్ట్రములోని సీట్లలో అధిక భాగము స్థానిక విద్యార్థులకు చెందును. అర్హత పరీక్షతో ముగియు నాలుగు సంవత్సరములు, అనగా తొమ్మిదవ తరగతి మొదలు ఇంటర్ రెండవ సంవత్సరము వఱకు, ఎచ్చట చదివెనో దానిని బట్టి స్థానికత నిర్ణయింతురు. మంచి శిక్షణ దొరకునని బిడ్డను పొరుగు రాష్ట్రపు హాస్టలు కాలేజీలో రెండేండ్లు చదివించిన యెడల ఈ గట్టు తెగిపోవచ్చును. తెలంగాణలో వైద్యవిద్యా సీట్ల విషయమున 2024లో ఈ నిబంధనను బిగించిరి. దానిపై వ్యాజ్యము సుప్రీం కోర్టు దాక పోయి, 2025 సెప్టెంబరు 1వ తేదీన ఆ నిబంధన చెల్లునని తీర్పు వచ్చినది. బీదరు, దెగ్లూరు వైపు బంధువులు గలవారును, విజయవాడ వైపు చూచువారును ఈ సంగతి విచారించిన పిదపనే బిడ్డను పంపవలయును.

సిద్ధము చేయవలసిన కాగితములు

మొదటిది పేరు. పదవ తరగతి మెమోలో నొక పేరు, ఆధార్‌లో నొక పేరు ఉన్నచో ఆన్‌లైన్ దరఖాస్తు అడ్డము తిరుగును. ఇంటిపేరు ముందో వెనుకనో, పుట్టిన తేదీ ఒకటో రెండో, తండ్రి పేరున అక్షరము తక్కువో యెక్కువో చూచుకొని, ఇంటర్ మొదటి సంవత్సరములోనే సరిచేయించుకొనవలయును. మెమోలో తప్పున్నచో పాఠశాల ప్రధానోపాధ్యాయుని ద్వారా పోవలయును. అది వారములలో తెమలు పని కాదు. ఆధార్‌కు ఇంట నున్న ఫోను నంబరే జతచేసి యుండవలయును. పట్టణమునకు వలస పోయిన అన్నగారి నంబరు జతచేసి యున్నచో, సంకేతపు సంఖ్య ఆయనకు పోవును. బిడ్డ ఇచ్చట కేంద్రము ముందు కూర్చుండును.

రెండవది కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము. ఇవి మీసేవ ద్వారా దరఖాస్తు చేయగా తహసీల్దారు కార్యాలయమునుండి వచ్చును. ఫీజు వాపసు పథకమునకు బి.సి., ఇ.బి.సి. మున్నగు వర్గములవారికి గ్రామములలో సాలుకు ఒకటిన్నర లక్ష, పట్టణములలో రెండు లక్షలు ఆదాయ పరిమితి, యస్.సి., యస్.టి. వర్గములవారికి రెండు లక్షలు. జూన్ మాసమున అందరును ఒక్కమాఱు పోవుదురు గనుక అప్పుడు జాప్యమగును. దరఖాస్తుల కాలమునకు ముందుగానే తెచ్చుకొనవలయును. రిజర్వేషను లేని కులముల పేదలకు ఇ.డబ్ల్యు.యస్. పత్రము గలదు. కేంద్ర ప్రభుత్వ విద్యాసంస్థల విషయమున సాలుకు ఎనిమిది లక్షల లోపు ఆదాయమే గాక, కుటుంబమునకు ఐదెకరముల లోపు సాగుభూమి యుండవలెనను నియమమును గలదు.

మూడవది ఒకటవ తరగతి మొదలు ఇంటర్ వఱకు ఏయే బడిలో చదివెనో తెలుపు బోనఫైడ్ పత్రములు. బడి మాఱిన ప్రతిసారియు వీనిని అప్పుడే తీసి, ఒక పెట్టెలో నుంచవలయును. మూతపడిన ప్రైవేటు బడి పత్రము కొఱకు పరుగులెత్తుట యెంత కష్టమో అనుభవించినవారికే తెలియును.

రైతు బిడ్డల సీట్లు

వ్యవసాయ విశ్వవిద్యాలయపు పట్ట విద్యలలో రైతుల బిడ్డలకని సీట్లలో గణనీయమైన భాగము ప్రత్యేకింపబడి యున్నది. దానికి రెండు ఆధారములు చూపవలయును. బిడ్డ కనీసము నాలుగు సంవత్సరములు మునిసిపాలిటీ కాని గ్రామ ప్రాంతపు విద్యాలయములలో చదివి యుండుట యొకటి. తలిదండ్రుల పేర వ్యవసాయ భూమి యుండుట రెండవది. భూమి యెంత యుండవలెనో, సీట్ల భాగ మెంతో ఆయా సంవత్సరపు ప్రకటనలో వ్రాయుదురు. దానిని తప్పక చదువవలయును.

ఇచ్చట రెండు చిక్కులు కలుగుచున్నవి. మొదటి చిక్కు బాన్సువాడ పట్టణమునకే సంబంధించినది. 2018లో బాన్సువాడ మునిసిపాలిటీ యైనది. అప్పటినుండి పట్టణపు బడిలో చదివిన సంవత్సరములు గ్రామ చదువు క్రింద రావు. కావున బిడ్డ గ్రామములో చదివిన చిన్న తరగతుల పత్రములు బంగారమువంటివి. ఒకటవ తరగతి నుండియు ఆ నాలుగేండ్లు లెక్కకు వచ్చును.

రెండవ చిక్కు భూమి పట్టా. తాతగారు కాలము చేసి యేండ్లు గడచినను, అన్నదమ్ములు నోటిమాటమీద పంచుకొని సాగుచేసికొనుచుండగా, పట్టా మాత్రము తాతగారి పేరనే యుండుట మన గ్రామములలో సర్వసాధారణము. పొలము దున్నుటకు దానివలన అడ్డు లేదు గాని, తలిదండ్రుల పేర పాసుపుస్తకము చూపుమన్నప్పుడు బిడ్డ చేయి ఖాళీగా నుండును. విరాసత్ చేయించుటకు అన్నదమ్ములందఱును కలసి రావలయును. దానికి నెలలు పట్టవచ్చును. బిడ్డ తొమ్మిదవ తరగతిలో నుండగానే ఈ పని చేసికొన్నచో భూమికిని మేలు, బిడ్డకును మేలు. పంట ఋణమునకును ఆ పుస్తకమే యాధారమని మన సభ్యులకు వేఱుగా చెప్పనక్కఱ లేదు.

కాలేజీల పేర్లు వ్రాయు వరుస

ర్యాంకు వచ్చిన పిదప కాలేజీల పేర్లను వరుసగా వ్రాసి యియ్యవలయును. ఇది యెట్లు పనిచేయునో తెలియక అనేకులు భయపడుదురు. గణకయంత్రము మంచి ర్యాంకువానిని మొదట తీసికొని, వాని జాబితాలో మొదటి పేరు చూచును. అచ్చట వాని వర్గమున సీటున్నచో నిచ్చును. లేనిచో రెండవ పేరు, ఆపైన మూడవ పేరు చూచును. వానిది ముగిసిన పిదపనే తరువాతి ర్యాంకువానిని తీసికొనును. కావున పెద్ద కాలేజీని మొదట వ్రాసినచో చిన్న కాలేజీయు పోవునను భయము నిరాధారము. నిజముగా ఏది యెక్కువ కావలెనో దానినే ముందు వ్రాయవలయును. పేర్లు విరివిగా వ్రాయవలయును. నాలుగు పేర్లతో సరిపెట్టిన విద్యార్థికి మంచి ర్యాంకున్నను సీటు దొరకక పోవచ్చును. పోవుట కిష్టము లేని కాలేజీని మాత్రము వ్రాయరాదు. తరువాతి విడతలో మఱల పేర్లిచ్చి క్రొత్త సీటు పొందినచో మొదటి సీటు రద్దగును. ఫారమును బిడ్డయే నింపవలయును. కేంద్రపువానికి సంకేత పదము నప్పగించి రారాదు. ఒక కాలేజీవారి మనిషి యింటికి వచ్చి, "ఫోను ఇటు తెండు, ఫారము మేమే నింపెదము" అన్నచో, ఆ సహాయము ఎవరి మేలునకో యోచింపవలయును.

గడువు దాటిన సీటునకు వెల యెక్కువ

సీటు ఏ మార్గమున వచ్చెనను దానిమీద సొమ్ము ఆధారపడి యున్నది. దోస్త్ విడతలలో గాని, ఎప్‌సెట్ కన్వీనర్ కౌన్సెలింగులో గాని సీటు పొంది, ఆదాయ పరిమితికి లోబడిన విద్యార్థికి ఫీజు వాపసు పథకము వర్తించును. దీనికి ఈ-పాస్‌లో ప్రతి సంవత్సరమును దరఖాస్తు చేయవలయును. హాజరు 75 శాతము ఉండవలయును. విడతలన్నియు దాటి, మిగిలిన సీటును నేరుగా కాలేజీలో స్పాట్ పద్ధతిని తీసికొన్నవారికిని, యాజమాన్య కోటాలో చేరినవారికిని ఈ వాపసు లేదు. అదే కాలేజీ, అదే బల్ల, అదే ఉపాధ్యాయుడు. వారము దినములు ఆలస్యమైనందున ఒక తండ్రి ఏటేట పూర్తి ఫీజు తన చేతినుండి చెల్లించుకొనవలసి వచ్చును. మఱియొక మాట. ప్రభుత్వమునుండి వాపసు సొమ్ము కాలేజీకి చేరుట ఆలస్యమైనపుడు కాలేజీలు విద్యార్థినే కట్టుమనుటయు, పత్రములు నిలుపుటయు జరుగుచున్నవి. కావున వాపసు వచ్చునని నమ్మినవారును కొంత సొమ్ము చేతి క్రింద నుంచుకొనుట క్షేమము.

అప్పు చేయక తప్పనప్పుడు

అప్పు చేయక తప్పనప్పుడు ఏ యప్పు చేయవలెనో లెక్క వేసి చూతము. ఒక విద్యార్థికి నాలుగేండ్లు, ఏటికి 75 వేల చొప్పున మొత్తము మూడు లక్షలు కావలెననుకొందము. ప్రతి యేటి మొదట ఆ సొమ్ము తెచ్చి, చదువు ముగిసిన మఱుసటి యేటి చివఱ లెక్క చూచినచో, మొదటి మొత్తమునకు ఐదేండ్లు, తరువాతి వానికి నాలుగు, మూడు, రెండేండ్లు, వెరసి పదునాలుగేండ్ల వడ్డీ పడును. నెలకు నూటికి రెండు రూపాయల వంతున ఊరి షావుకారి యొద్ద తెచ్చిన 75 వేలకు ఏటికి వడ్డీ 18,000. పదునాలుగేండ్ల లెక్కకు 2,52,000. బ్యాంకులో సాలుకు నూటికి పది చొప్పున ననుకొన్నచో ఏటికి 7,500, మొత్తము 1,05,000. భేదము 1,47,000 రూపాయలు. చక్రవడ్డీ వేసినచో షావుకారి లెక్క ఇంకను పెరుగును.

బ్యాంకుల నమూనా విద్యా ఋణ పథకములో నాలుగు లక్షల వఱకు తాకట్టు అడుగరు. తల్లియో తండ్రియో సహ ఋణస్థులుగా సంతకము చేయుదురు. చదువు కాలమును, ఆపైన నొక సంవత్సరమును వాయిదాలు కట్టనక్కఱ లేదు. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వమువారు పి.యం. విద్యాలక్ష్మి యను పథకము నంగీకరించిరి. ఎంపిక చేయబడిన నాణ్యమైన విద్యాలయములలో సీటు పొందినవారికి తాకట్టును పూచీయు లేకుండ ఋణ మిచ్చుటయు, కుటుంబపు ఆదాయము ఎనిమిది లక్షల లోపున్న అర్హులకు పది లక్షల వఱకు ఋణముపై వాయిదా విరామ కాలమున మూడు శాతము వడ్డీ తగ్గింపును అందున్నవి. కావున భూమి కాగితములు షావుకారి చేతిలో పెట్టక మునుపు బ్యాంకు తలుపు తట్టవలయును.

పంట ఋణమును ఫీజునకు వాడవచ్చునా యని కొందరు సభ్యులడుగుచుందురు. వాడరాదు. మూడు లక్షల వఱకు గల పంట ఋణమునకు సకాలమున తీర్చినవారికే నాలుగు శాతపు వడ్డీ. ఫీజునకు వాడిన సొమ్ము కోతనాటికి తిరిగి రాదు, గడువు దాటును, చౌక వడ్డీ పోవును, మఱుసటి పంటకు ఎరువు అప్పు పుట్టదు. చదువునకు చదువు అప్పు, పంటకు పంట అప్పు.

బిడ్డ మాట

ఇన్ని లెక్కలలో బిడ్డ యిష్టము మఱుగున పడరాదు. ఏ నేలలో ఏ పైరు వేయవలెనో నేలను పరీక్షించి నిర్ణయింతుము గాని, పొరుగువాడు వేసెనని వేయము. పిల్లవాని మార్కులు, వాని యాసక్తి, వాని ఓపిక మూడును చూచి, వానితో కూర్చుండి మాటలాడవలయును. ఆడుబిడ్డల విషయమున దూరము భయమైనచో, ఆ భయమును చదువు మాన్పించుటకు కారణము చేయక, బాన్సువాడ, రుద్రూరు, డిచ్‌పల్లి వంటి దగ్గరి విద్యాలయములను, ప్రభుత్వ గురుకుల డిగ్రీ కాలేజీలను విచారింపవలయును. పెండ్లికి సొమ్ము దాచు గృహస్థుడు ఆ సొమ్ములో కొంత ఆమె చదువునకు పెట్టినచో అది యెవరును తీసికొనలేని స్త్రీధనమగును.

సంఘము చేయదగిన పని

ఈ పనులన్నియు ఒక్కొక్క కుటుంబము ఒంటరిగా చేసికొనుట కష్టము; పదుగురు కలసినచో సులభము. సంఘ కార్యాలయపు గోడమీద విత్తనముల ధరల పట్టిక ప్రక్కనే ప్రవేశ పరీక్షల, దోస్త్ విడతల తేదీల పట్టికయు వ్రాయించవచ్చును. గ్రామమున కాలేజీ చదివిన యువకు లొకరిద్దఱు ఆదివారముల నాడు ఫారములు సరిచూచి యియ్యవచ్చును. ధాన్యపు కుప్పయొద్ద ఒక దినము పొరుగు సభ్యుడు కావలి యుండినచో, తండ్రి బిడ్డ వెంట పోయి రావచ్చును. దీనికి నిధులు వలదు, తీర్మానము వలదు. ఇరుగుపొరుగు మాట చాలును.

ఈ పత్రిక చేతికందిన దినముననే తమ యింట తొమ్మిదవ తరగతి మొదలు ఇంటర్ వఱకు చదువు బిడ్డ యున్నదా యని సభ్యులు చూచుకొందురు గాక. ఉన్నచో మెమో, ఆధార్, పాసుపుస్తకము మూడును ఒకచోట పెట్టి, మూటియందును పేర్లు సరిపోలునో లేదో ఆ రాత్రియే చూడవలయునని మా మనవి.